ముందు రంగు ఎక్కడ వేస్తావో చెప్పు, ట్యాంకు సంగతి తర్వాత

పోయిన నెల పెరంబూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, టైగర్ కొననా, షెర్మన్ కొననా?" అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల బొమ్మల సంగతి, ముక్కలు అతికించి రంగు వేసుకునే ప్లాస్టిక్ కిట్లు. టైగర్ జర్మన్లది, షెర్మన్ అమెరికన్లది. మా ఇంట్లో గాజు బీరువాలో కొండపల్లి బొమ్మల పక్కన నిలబడ్డ ట్యాంకులను చూసీ చూసీ వాడికీ ఆ పిచ్చి పట్టుకుంది. నేను జవాబు చెప్పకుండా, "రంగు ఎక్కడ వేస్తావురా?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రంగు సంగతి ఇప్పుడెందుకు బావా, ముందు అతికించాలి కదా?" అన్నాడు.

అందరూ చేసే తప్పు ఇదే. పెట్టె మీద బొమ్మ చూసి కిట్ కొంటారు, అతికిస్తారు, ఆ తర్వాత రంగు గురించి ఆలోచిస్తారు. అతికించడానికేం, భోజనాల బల్ల మీద వారం పది రోజుల్లో ఏ కిట్ అయినా అయిపోతుంది. ఆగిపోయేది రంగు దగ్గరే. చెన్నైలో అద్దె ఫ్లాటు, పక్కనే వంటిల్లు, పిల్లలు, వాసన, తేమ, చప్పుడు. ఇవన్నీ కలిసి నీకు ఏ రంగు కుదురుతుందో తేల్చేస్తాయి. ఆ రంగును బట్టి పనిముట్టు, పనిముట్టును బట్టి ట్యాంకు. అందుకే ఈ పోలికను వెనక నుంచి ముందుకు రాస్తున్నాను.

ముందు చోటు

ఇంట్లో రంగు వేసుకునే చోట్లు మూడే. భోజనాల బల్ల, బాల్కనీ, లేదా కిటికీ ఉండి తలుపు వేసుకోగలిగిన గది. బల్లే గతి అయితే నీళ్ల రంగులు, బ్రష్షు. వేరే ఆలోచన వద్దు. బాల్కనీ ఉంటే స్ప్రే డబ్బా వాడొచ్చు, కానీ పొద్దున్నే. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే సగం రంగు పక్కింటివాళ్ల చీరల మీద పడుతుంది. గది ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఎయిర్‌బ్రష్ గురించి, అంటే గాలితో రంగును సన్నగా చిమ్మే పెన్నులాంటి పనిముట్టు గురించి ఆలోచించవచ్చు.

చోటు ఏదైనా చెన్నై తేమ మాత్రం తప్పదు. నా మొదటి టీ-55 (రష్యన్ ట్యాంకు) కథ చెబుతాను. నెలన్నర పని. రంగు, గుర్తులు, బురద అన్నీ అయ్యాయి. చివరగా మెరుపు పోవడానికి మాట్ వార్నిష్ డబ్బాతో ఒక్క పూత. అది నవంబరు, బయట సన్నగా తుంపర. కొట్టిన పది నిమిషాలకు ట్యాంకు మొత్తం విభూది పూసుకున్నట్టు తెల్లబడింది. డబ్బాలోంచి వచ్చే ద్రావకం వేగంగా ఆవిరైపోతూ పక్కనున్న గాలిని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది పూతలోకి దిగి తెల్లగా పొగలా నిలిచిపోతుంది. ఆ డబ్బా కంపెనీని తిట్టుకున్నాను కానీ తప్పు నాదే. అప్పటి నుంచి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా స్ప్రే వార్నిష్ ముట్టను. ఆ మూడు నెలలూ అతికించే పనులు, బ్రష్షు పనులు. స్ప్రే పని ఏదైనా ఎండ బాగా కాసిన రోజు పొద్దున పదింటి ప్రాంతంలో చేస్తాను. ఎండాకాలంలో ఇబ్బంది వేరే రకం. మే నెలలో ఫ్యాను ఆపితే నువ్వు కరిగిపోతావు, ఫ్యాను వేస్తే తడి రంగు మీద దుమ్ము కూర్చుంటుంది.

రంగుల్లో ఏది

అంగట్లో కనిపించే సీసాలన్నీ ఒకేలా ఉంటాయి కానీ లోపల నాలుగు జాతులు.

మొదటిది నీళ్ల అక్రిలిక్. వల్లేజో మోడల్ కలర్, ఏకే థర్డ్ జెన్ లాంటివి. రెండూ స్పెయిన్ నుంచి వస్తాయి. వాసన లేనట్టే. బ్రష్షు కుళాయి కింద కడుక్కోవచ్చు. వీటి బలహీనత పట్టు. ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద వేస్తే గోరు తగిలినా లేస్తాయి, మాస్కింగ్ టేపు లాగితే టేపుతో పాటే వచ్చేస్తాయి. కాబట్టి కిట్‌ను ముందు గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి వాడిన నూనె అంటుకుని ఉండొచ్చు. ఆ తర్వాత ప్రైమర్, ఆ పైన రంగు.

రెండోది టామియా సీసాలు. వీటి మీద కూడా అక్రిలిక్ అనే ఉంటుంది, అక్కడే కొత్తవాళ్లు మోసపోతారు. ఇవి ఆల్కహాల్ రకం. బ్రష్షుతో వేస్తే రెండో పూత వేసేటప్పుడు కింద ఉన్న మొదటి పూత కరిగి లేచొస్తుంది. అదే ఎయిర్‌బ్రష్‌లో వేస్తే వీటంత సాఫీగా నడిచే రంగు ఇంకోటి లేదు. వాళ్ల థిన్నర్ దొరక్కపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపినా పని జరుగుతుంది. అయితే అదే ఆల్కహాల్‌ను పొరపాటున వల్లేజోలో పోశారనుకోండి, విరిగిన పాలలా గడ్డలు కడుతుంది. నేను పోశాను. ఆ గడ్డలు ఎయిర్‌బ్రష్ ముక్కులోంచి సూదితో తీసేసరికి ఒక ఆదివారం పోయింది.

మూడోది లాకర్, అంటే మిస్టర్ కలర్ లాంటివి. పలచగా, గట్టిగా, నిమిషాల్లో ఆరే రంగు. ఫలితం చూస్తే ముద్దొస్తుంది. కానీ వాసన తలకెక్కుతుంది. దానికి గుడ్డ మాస్కు పనికిరాదు, ద్రావకాల ఆవిరిని ఆపే ఫిల్టరు డబ్బాలున్న మాస్కు కావాలి. పైగా ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది. పక్క గదిలో దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే సీసా మూత తీయకండి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది వద్దనే అంటాను.

నాలుగోది ఎనామెల్. చిన్న రేకు డబ్బాల్లో వచ్చే హంబ్రాల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్రష్షు గీతలు వాటంతటవే సర్దుకుని మాయమైపోతాయి, అంత అందంగా పరుచుకుంటుంది. ఆరడానికి మాత్రం రోజు పడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. ట్యాంకు మొత్తానికి ఎనామెల్ వేసే ఓపిక నాకు లేదు. కానీ ఒక పనికి దీన్ని మించింది లేదు. అక్రిలిక్ రంగు బాగా ఆరాక, దాని మీద ముదురు గోధుమ ఎనామెల్‌ను వైట్ స్పిరిట్‌లో నీళ్లలా పలచన చేసి, సన్నటి బ్రష్షుతో ఒక బోల్టు పక్కన ముట్టించాలి. రంగు తనంతట తనే బోల్టు చుట్టూ పరుగెత్తి గీతలా నిలుస్తుంది. ఎక్కువైతే అరగంట తర్వాత వైట్ స్పిరిట్ అద్దిన బ్రష్షుతో తుడిచేయవచ్చు. కింది అక్రిలిక్ చెక్కుచెదరదు, ఎందుకంటే వైట్ స్పిరిట్ దాన్ని కరిగించలేదు. క్యామెల్ ఆయిల్ కలర్ ట్యూబుతో కూడా ఇదే పని చేయొచ్చు. ధర తక్కువ, ఒక ట్యూబు ఏళ్లు వస్తుంది.

చేతిపనుల కోసం స్టేషనరీ షాపుల్లో దొరికే అక్రిలిక్‌ల గురించి కూడా అడుగుతారు. ట్యాంకు కింద నేల, గోడ, ఇటుకలు చేయడానికి చక్కగా పనికొస్తాయి. ట్యాంకు మీద మాత్రం రంగు పొడి ముతకగా కనిపిస్తుంది. మందం లెక్క చూడండి. పూత పదో వంతు మిల్లీమీటరు మందం పడిందనుకుంటే, 1/35 సైజులో, అంటే అసలు ట్యాంకులో ముప్పై ఐదో వంతు బొమ్మలో, అది అసలు ట్యాంకు మీద మూడున్నర మిల్లీమీటర్ల మందం కింద లెక్క, 1/72లో ఏడు మిల్లీమీటర్లు. బోల్టులు అందులో మునిగిపోతాయి.

బ్రష్షా, డబ్బానా, ఎయిర్‌బ్రషా

బ్రష్షును చిన్నచూపు చూడకండి. టీ-55 టరెట్, అంటే తుపాకీ ఉండే పై గుమ్మటం, బోర్లించిన మూకుడులా నున్నగా ఉంటుంది. అలాంటి చోట బ్రష్షు గీతలు దాచడం కష్టమంటారు. నేను చేసే పద్ధతి ఇది. స్టీలు టిఫిన్ డబ్బా మూతలో తడిపిన టిష్యూ పరిచి, దాని మీద బేకింగ్ పేపరు వేస్తాను. దాని మీద రంగు గంటల తరబడి ఎండిపోకుండా ఉంటుంది. రంగు చిక్కదనం టీ కొట్టువాడు నీళ్లు కలిపిన పాలంత. అర అంగుళం సింథటిక్ ఫ్లాట్ బ్రష్షు తీసుకుని, అంచు మీద కాస్త టిష్యూకి అద్ది, ఒకే దిక్కున లాగాలి. మొదటి పూత చూస్తే ఏడుపొస్తుంది. వాకిట్లో కళ్లాపి చల్లినట్టు చారలు చారలుగా, కింద ప్రైమర్ కనిపిస్తూ ఉంటుంది. అప్పుడు సరిదిద్దబోతే పోయినట్టే. అరగంట వదిలేసి రెండో పూత, ఈసారి అడ్డంగా. మూడో పూతకు చారలు కలుస్తాయి, నాలుగోదానికి టరెట్ ఒకే రంగులోకి వస్తుంది. నాలుగు పలచటి పూతల మందం ఒక చిక్కటి పూత కన్నా తక్కువే.

స్ప్రే డబ్బా మధ్యేమార్గం. టామియా టీఎస్-5 అనే ఆలివ్ డ్రాబ్ డబ్బా ఒకటి చాలు, షెర్మన్ మొత్తం సాయంత్రానికల్లా పచ్చబడుతుంది. ఇదీ లాకరే కాబట్టి బాల్కనీ తప్పదు. డబ్బు ఆదా అని హార్డ్‌వేర్ షాపులో కార్లకు వాడే స్ప్రే కొన్నాను ఒకసారి. కిట్ తలుపు మీద ప్లాస్టిక్ ఎండిన చెరువులా పగిలింది. అలాంటిది వాడాలనుకుంటే ముందు కిట్ ముక్కలు కోసేశాక మిగిలిపోయిన ప్లాస్టిక్ ఫ్రేము మీద కొట్టి, ఒక రోజు ఆగి చూడండి.

ఎయిర్‌బ్రష్ కొంటే డబుల్ యాక్షన్ (ఒకే మీటతో గాలి, రంగు రెండూ అదుపు చేసేది), 0.3 మిల్లీమీటర్ల ముక్కు ఉన్నది కొనండి. గాలి ట్యాంకు ఉన్న కంప్రెసర్ తీసుకోండి, లేకపోతే గాలి కుదుపులతో వస్తుంది. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. చెన్నైలో నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ లేకుండా కంప్రెసర్ కొనొద్దు. గంట నడిచాక ఆ గాజు గిన్నెలో నీళ్లు పేరుకోవడం మీ కళ్లతో మీరే చూస్తారు. ట్రాప్ లేకపోతే ఆ నీటి చుక్క సరిగ్గా టరెట్ మీదే ఊడిపడుతుంది. చప్పుడు తడి గ్రైండరు కన్నా తక్కువే. కానీ గ్రైండరు ఇడ్లీ పిండి కోసం కాబట్టి ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. చార్జింగ్ పెట్టుకునే చిన్న పెన్ను రకాలు కూడా వస్తున్నాయి. ప్రైమర్‌కు ఫరవాలేదు, సన్నటి మచ్చలకు నాకు నచ్చలేదు. ఇంకో సంగతి, పది నిమిషాల రంగుకు ఇరవై నిమిషాల కడుగుడు ఉంటుంది. ఒక మంచి సెట్ ధరకు రెండు మూడు కిట్లొస్తాయి. మొదటి రెండు ట్యాంకులు బ్రష్షుతో చేసి, మూడోదానికి కూడా ఉత్సాహం మిగిలితే అప్పుడు కొనండి.

అప్పుడు ఏ ట్యాంకు

ఇప్పుడు మా బావమరిది ప్రశ్నకు వద్దాం. వాడికి ఉన్నది భోజనాల బల్ల. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ ట్యాంకులకు ముదురు పసుపు మూల రంగు, దాని మీద ఎర్ర గోధుమ, ఆలివ్ పచ్చ మచ్చలు. ఆ మచ్చల అంచులు చాలావాటి మీద పొగలా కలిసిపోయి ఉంటాయి. ఆ పొగ అంచు ఎయిర్‌బ్రష్ పని. బ్రష్షుతో చేయొచ్చు గానీ మొదటి కిట్‌కి అది శిక్ష. షెర్మన్ ఒకే ఆలివ్ రంగు. రష్యన్ టీ-34 ఒకే పచ్చ. కాబట్టి బ్రష్షు మనిషికి షెర్మన్. టైగరే కావాలని పట్టుబడితే మూడు రంగుల రోజులకు ముందున్న టైగర్‌ను, అంటే ఒకే బూడిద రంగుదాన్ని వేసుకోవచ్చు.

నన్నడిగితే ఇంకో దారి ఉంది. మన సైన్యం వాడినవే చేయండి. 1971లో వాడిన టీ-55, పీటీ-76, సెంచూరియన్ మూడూ పచ్చ రంగువే, బ్రష్షుకు అనువైనవి. టీ-55 కిట్‌ను టామియా చేసింది, పీటీ-76ను ట్రంపెటర్, సెంచూరియన్‌ను ఏఎఫ్‌వీ క్లబ్. 1971 నవంబరు 21న తూర్పు పాకిస్తాన్‌లోని గరీబ్‌పూర్‌లో మన 45 కేవలరీ దళం పీటీ-76లు పాకిస్తాన్ చాఫీ ట్యాంకులను ఎదుర్కొన్నాయి. పీటీ-76 నీళ్లలో ఈదే బండి, కవచం పలచన. అయినా ఆ రోజు నిలబడింది. బసంతర్ యుద్ధంలో పరమవీర చక్ర గ్రహీత అరుణ్ ఖేత్రపాల్ డిసెంబరు 16న ప్రాణం వదిలింది సెంచూరియన్‌లో. ఆ బండి పేరు ఫామగుస్తా. పెట్టెలో మన సైన్యం గుర్తులు సాధారణంగా ఉండవు, సన్న బ్రష్షుతో చేత్తో వేసుకోవాలి. అదో సరదా.

ఇంకా చెన్నైలో ఉన్నవాళ్లకు ఒక లాభం ఉంది. మన సైన్యపు విజయంత ట్యాంకులు 1965 నుంచి తయారైంది మన ఆవడిలోనే. ఆ ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన ఒకరు మా పై వాటాలో ఉంటారు. నా టీ-55ను చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసి, ఫెండర్ (చక్రాల పైనున్న రేకు) మీద డీజిల్ ట్యాంకు మూత దగ్గర వేలు పెట్టారు. "ఇక్కడ ఇంత శుభ్రంగా ఉండదు బాబూ. పోసేటప్పుడు ఒలుకుతుంది, దాని మీద దుమ్ము పడుతుంది, నల్లగా జిడ్డు కడుతుంది." ఆ రాత్రే ఆయిల్ కలర్‌తో ఆ మరక వేశాను. నా బీరువాలో నిజమైన ట్యాంకులా కనిపించే చోటు అదొక్కటే.

సైజు

తుపాకీ గొట్టంతో కలిపి టీ-55 పొడవు 9 మీటర్లు. 1/35లో అది దాదాపు 26 సెంటీమీటర్లు, 1/48లో 19, 1/72లో 12.5. మామూలు పుస్తకాల అరలో 1/35 ట్యాంకును నిలువుగా పెడితే గొట్టం బయటికొస్తుంది, ఏటవాలుగా పెట్టాలి. పది ట్యాంకులయ్యాక ఇంట్లో గొడవ మొదలవుతుంది.

1/72 లెక్క సూటిగా ఉంటుంది, ఆరడుగుల మనిషి అంగుళం. 1/35కు మాత్రం అలాంటి లెక్కేమీ లేదు. 1960ల మొదట్లో టామియావాళ్లు పాంథర్ ట్యాంకు చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా కొలత పెట్టుకున్నారు, అది ఈ సైజు అయింది. ఆ తర్వాత ప్రపంచమంతా అదే పట్టుకుంది.

చిన్నది సులువనుకోకండి. 1/72 చక్రం చొక్కా బొత్తామంతే ఉంటుంది. దాని రబ్బరు అంచుకు నలుపు వేయాలంటే చేయి వణకకూడదు. చత్వారం వచ్చినవాళ్లు అటు పోకండి. 1/35 చక్రాన్ని టూత్‌పిక్‌కు గుచ్చి, బ్రష్షును కదలకుండా పట్టుకుని చక్రాన్ని తిప్పితే చాలు, అంచు తనే గీసుకుంటుంది. 1/48 నాకు ముద్దు. టామియా 1/48లో షెర్మన్, టీ-55 రెండూ ఉన్నాయి. మిగతావాటికి వెతకాలి. పాత పెట్టెల్లో కింది భాగం లోహంతో వస్తుంది, దానికి ప్లాస్టిక్ జిగురు పట్టదు, ఫెవిక్విక్ కావాలి.

ఏ కంపెనీ

టామియా ముక్కలు తక్కువ, అతుకులు కచ్చితం. మొదటి కిట్‌కు అదే. కొరియా అకాడమీ దానికి దగ్గరగా, ధరలో కాస్త కింద. ట్రంపెటర్‌లో రష్యన్ బండ్లు విస్తారం. డ్రాగన్ ముక్కలు కుప్పలు, సూచనల కాగితం మాత్రం బుర్ర తినేస్తుంది. ఉక్రెయిన్ మినీఆర్ట్ టీ-55లో లోపలి ఇంజను, సీట్లు కూడా ఉన్న పెట్టె వస్తుంది. ముక్కలు వెయ్యి దాటుతాయి, కొన్ని ఫ్రేములోంచి కోసేటప్పుడే విరుగుతాయి. ఐదో కిట్‌గా కొనండి, మొదటిదిగా కొంటే అటక ఎక్కుతుంది. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది, పెట్టె కొత్తది అచ్చు పాతది అనే వ్యవహారం. 1970ల అచ్చుల్ని ఇప్పటికీ మెరిసే పెట్టెల్లో అమ్ముతారు. కొన్నిటి అడుగున మోటారు కోసం పెట్టిన కన్నాలు అలాగే ఉంటాయి, పుట్టీతో పూడ్చుకుని, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దుకోవాలి.

ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టాలు, కూడా చూసుకోండి. రబ్బరు బెల్టులా వచ్చేవి పది నిమిషాల పని. విడి లింకులైతే ఒక్కో వైపు ఎనభై తొంభై, రెండు రాత్రుల పని.

ధరల గురించి ఒక్క మాట. ఈ కిట్లను కస్టమ్స్ వాళ్లు బొమ్మల కిందే లెక్కిస్తారు. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి నాణ్యతా ముద్ర నిబంధన కూడా తోడైంది. అందుకే విదేశీ ధరను రూపాయల్లోకి మార్చి సంబరపడకండి. ఇక్కడి అంగట్లో ఉన్న పెట్టె కాస్త ఎక్కువనిపించినా చేతికొచ్చేసరికి అదే చవక.

మా బావమరిది చివరికి 1/35 టామియా టీ-55 కొన్నాడు. నాలుగు సీసాల వల్లేజో, ఒక ఫ్లాట్ బ్రష్షు, ప్రైమర్, పచ్చ మూత ఉన్న టామియా పలచటి జిగురు. మొన్న శనివారం మళ్లీ ఫోన్. "బావా, అంతా అయిపోయింది. మాట్ వార్నిష్ డబ్బా చేతిలో ఉంది, కొట్టేయనా?"

కిటికీలోంచి చూశాను. ఆకాశం బాగా నల్లబడి ఉంది. "మూత పెట్టెయ్‌రా," అన్నాను.